ఆపా వెంట లండన్‌లో ఐదు రోజులు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడం, లండన్ విశేషాలు ఒక ఇరవై నిమిషాలు చెప్పండి, పిల్లలకు పనికొస్తాయి" అన్నారు. చెబుతాను. కోశాధికారి గారు కంగారు పడక్కర్లేదు, ఈ ప్రయాణంలో సొసైటీ సొమ్ము ఒక్క రూపాయి లేదు. నా పీఎఫ్‌లోంచి తీసుకున్న డబ్బుతో వెళ్లాను. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు అట్లాసులో లండన్ మీద చూపుడు కర్ర పెట్టి చూపించినదాన్ని, రిటైరయ్యేలోపు ఒక్కసారి కళ్లతో చూడాలనుకున్నాను. పోయిన వేసవి సెలవుల్లో అల్లాహ్ అవకాశం ఇచ్చాడు.

విశేషాలకంటే ముందు ఒక పాత సంగతి గుర్తు చేయాలి. వెనకటి ఏడాది మన కార్యవర్గం ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. మన ఊరి అమ్మాయే. ఇంగ్లండులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, మూడు లక్షలు ఖర్జె హసనాగా ఇప్పించండి, ఉద్యోగం వచ్చాక తీరుస్తాను అని రాసింది. తండ్రి చిన్న మెకానిక్. కార్యవర్గంలో అభిప్రాయాలు సగం సగంగా చీలాయి. నేను వద్దన్నాను. నేను టీచర్ని, పైగా ఆడమనిషిని కాబట్టి, నా మాటకు విలువ ఇచ్చి మిగతావాళ్లు కూడా వద్దన్నారు. మినిట్స్ పుస్తకంలో కారణం "నిధుల కొరత" అని రాసి ఉంది. అది నేను చెప్పిన కారణమే. నిజమైన కారణం అది కాదు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నన్ను పిలిచిన ఆవిడ గురించి చెప్పాలి. కరోనా రోజుల్లో బడులు మూసేసినప్పుడు వేర్వేరు దేశాల టీచర్లు ఆన్‌లైన్‌లో కలుసుకునే తరగతి ఒకటి నడిచింది. అందులో పరిచయం. తూర్పు లండన్‌లో ప్రాథమిక పాఠశాల టీచర్. తల్లిదండ్రులు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వెళ్లినవాళ్లు, తను పెరిగింది, చదివింది, పాఠాలు చెప్పింది అంతా ఆ నాలుగు వీధుల్లోనే. నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని ఆపా అంటాను. ఆవిడకు ఉర్దూ రాదు. నాకు బెంగాలీ రాదు. ఇద్దరం టీచర్ల ఇంగ్లిషులో మాట్లాడుకుంటాం. అంటే ఒకరి వాక్యాన్ని ఇంకొకరు మనసులో ఎర్ర సిరాతో దిద్దుకుంటూ అన్నమాట.

బుధవారం సాయంత్రం హీత్రూలో దిగాను. అక్కడ ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు ఎక్కితే బండి మారకుండా వైట్‌చాపెల్‌లో దిగొచ్చు. 2022లో తెరిచారట. రైలు దిగి ఎస్కలేటర్ ఎక్కాను. నా వెనక జనం ఆగిపోయారు. ఆపా నా మోచెయ్యి పట్టుకుని కుడివైపు జరిపింది. ఆ ఊళ్లో మెట్ల మీద నిలబడేవాళ్లు కుడివైపు నిలబడాలి, ఎడమవైపు పరిగెత్తేవాళ్లకు వదలాలి. ఎవరూ అరవలేదు, కసురుకోలేదు. ఒకాయన మెల్లగా "సారీ" అన్నాడు. తప్పు నాది, క్షమాపణ ఆయనది. ఆ ఊళ్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

స్టేషన్ గుమ్మంలో తల ఎత్తి చూస్తే పేరు రెండు లిపుల్లో ఉంది. ఇంగ్లిషులో ఒకటి, బెంగాలీలో ఒకటి. నేను ఆగిపోయాను. మన రైల్వే స్టేషన్ బోర్డు మీద అనకాపల్లి అని తెలుగులో ఉంటే అందులో వింత లేదు, ఊరు మనది. పరాయి దేశంలో, రాజధాని నగరంలో, కూలికి వెళ్లినవాళ్ల భాషను గుమ్మం మీద రాయించుకోవడం మాటలు కాదు. "ఊరికే రాలేదు అది, రేపు చూపిస్తాను" అంది ఆపా.

ఇంట్లో ఆపా వాళ్ల అమ్మగారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ఖాలా అని పిలిచాను. మన ఊరి బెల్లం దిమ్మ ఒకటి సూట్‌కేసులో చీర మడతల మధ్య పెట్టుకుని తీసుకెళ్లాను. ఖాలా చిన్న ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. వాళ్ల దేశంలో ఖర్జూర చెట్ల నీరు కాచి బెల్లం చేస్తారు. మనది చెరకు బెల్లం, రుచి వేరు. అయినా ఆవిడ మొహంలో ఏదో కదిలింది. దేశంలో బెల్లానికి ఇంత పెద్ద మార్కెట్టున్న ఊళ్లు తక్కువ ఖాలా అని నేను గొప్పగా చెబితే, కూతురు తర్జుమా చేసింది. "అయితే ఇంకో దిమ్మ ఎందుకు తేలేదు?" అని అడిగారట.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మే నెలాఖరున అక్కడ మగ్రిబ్ రాత్రి తొమ్మిది గంటలకు. ఇషా అయ్యేసరికి పదిన్నర దాటిపోతుంది. ఫజ్ర్ మూడు గంటల ప్రాంతంలో మొదలు. మధ్యలో పడుకునేది ఎప్పుడు? పిల్లలకు భూమి అక్షం వంపు గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతూ ఉంటాను కదా. ఆ వంపు ఎంత ఉంటుందో నాకు ఆ రాత్రి తెలిసింది.

గురువారం ఆపా నన్ను నడిపించింది. వైట్‌చాపెల్ అంటే తెల్ల గుడి. పూర్వం అక్కడ తెల్లటి చర్చి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో బాంబులకు దెబ్బతింది. చర్చి పోయి పార్కు మిగిలింది. ఆ పార్కు పేరు ఇప్పుడు అల్తాబ్ అలీ పార్కు. అల్తాబ్ అలీ ఎవరు? నవాబు కాదు, మౌలానా కాదు. బట్టలు కుట్టే పనివాడు, పాతికేళ్లవాడు. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి పోతుంటే ఆ పార్కు పక్క వీధిలో ముగ్గురు కుర్రాళ్లు పొడిచి చంపేశారు. తప్పేమీ లేదు. రంగు వేరు, అంతే. పది రోజులకు దాదాపు 7,000 మంది ఆయన శవపేటిక వెనక ప్రధానమంత్రి ఇంటి దాకా నడిచారు.

ఆపాకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ నడిచినవాళ్లలో వాళ్ల నాన్న ఉన్నారట. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలాకాలం బడి నుంచి పిల్లలు ఒంటరిగా ఇంటికి రావడం లేదు. ఐదారుగురు ఆడపిల్లలు చేతులు పట్టుకుని, ముందొక నాన్న, వెనకొక నాన్న. ఎదురుగా ఎవరైనా వస్తుంటే వీధి మారిపోయేవారు. "మరి చదువు మానిపించలేదా?" అని అడిగాను. మన దగ్గరైతే మొదట అదే జరుగుతుంది కదా. ఆపా నా వైపు విచిత్రంగా చూసింది. "నాన్నకు భయం వేసింది. అందుకే రోజూ పని ఒక గంట మానుకుని మా వెనక నడిచారు" అంది.

అప్పుడు నేనేమీ అనలేదు. మనసులో మాత్రం ఆ మాట గుచ్చుకుంది.

అక్కడి నుంచి బ్రిక్ లేన్. వీధి పేర్లు అక్కడా బెంగాలీలో ఉన్నాయి. బిర్యానీ వాసన, చేపల వాసన, వాటి మధ్య గోడల నిండా రంగు బొమ్మలు. ఆ వీధి మలుపులో ఒక ఇటుక భవనం ఉంది. పిల్లలూ, దీన్ని గుర్తుపెట్టుకోండి. దాన్ని 1743లో కట్టారు. కట్టినవాళ్లు ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు. తమ రాజు తమ మతాన్ని నిషేధిస్తే వచ్చి ఇక్కడ పట్టు మగ్గాలు పెట్టుకున్నారు. వాళ్లకది చర్చి. తర్వాత మెథడిస్టు క్రైస్తవులది అయింది. రష్యా వైపు హింసకు తట్టుకోలేక వచ్చిన యూదులు 1898లో దాన్ని తమ ప్రార్థనాలయం చేసుకున్నారు. వాళ్లు నాలుగు డబ్బులు సంపాదించి వేరే పేటలకు వెళ్లిపోయాక, 1976లో అది మసీదు అయింది. ఎవరూ ఎవరినీ తరిమి తీసుకున్నది కాదు. ఒకరు ఖాళీ చేశారు, ఇంకొకరు వచ్చారు. పైన గోడ మీద 1743 నాటి సూర్య గడియారం ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌లో మనుషులం నీడల్లాంటివాళ్లమని అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. ముగ్గురు మతాలవాళ్లలో ఎవరికీ దాన్ని చెరిపేయాలనిపించలేదు.

శుక్రవారం సంగతి కొంచెం నిదానంగా చెబుతాను.

ఈస్ట్ లండన్ మసీదు వైట్‌చాపెల్ రోడ్డు మీదే ఉంది. ఆ మసీదు కథ మన సొసైటీవాళ్లు వినాల్సిన కథ. 1910లో రిట్జ్ హోటల్లో సయ్యద్ అమీర్ అలీ గారు సభ పెట్టి లండన్‌లో మసీదు కోసం ఒక నిధి మొదలుపెట్టారు. మొదటి సొంత చోటు ఎప్పుడు తెరుచుకుందో తెలుసా? 1941లో. కమర్షియల్ రోడ్డులో మూడు పాత ఇళ్లు కొని కలిపారు. ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలం అంతా అద్దె హాళ్లలో నమాజు. ఇప్పుడున్న పెద్ద మసీదు 1985లో తెరిచారు. అంటే సభ పెట్టిన నాటి నుంచి డెబ్బై అయిదేళ్లు. మన భవనం స్తంభాల దగ్గర ఆగిపోయి నాలుగేళ్లయిందని ఇందాక కొందరు పెద్దలు బాధపడ్డారు. బాధపడండి, కాకపోతే మరీ అంత బాధ అక్కర్లేదు.

ఆ నిధి ట్రస్టీల్లో మన హైదరాబాదుతో సంబంధం ఉన్న మనిషి ఒకాయన ఉన్నారు, మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లిషు దొర, ఇస్లాం స్వీకరించాడు. నిజాం కొలువులో చేరి హైదరాబాదులో చాదర్‌ఘాట్ హైస్కూలుకు హెడ్మాస్టరుగా పనిచేశాడు. ఖురాన్‌ను ఇంగ్లిషులోకి మార్చడానికి నిజాం ఆయనకు జీతంతో సెలవిచ్చాడు. 1930లో ఆ పుస్తకం వచ్చింది. మన ఇళ్లలో చాలామంది బీరువాల్లో ఉన్నదే. ఒక హెడ్మాస్టరు చేసిన పని అది అని నేను మా స్టాఫ్ రూములో అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను.

జుమా వేళకు ఆపా నన్ను ఆడవాళ్ల ద్వారం వైపు తీసుకెళ్లింది. మర్యం సెంటర్ అని 2013లో ఆడవాళ్ల కోసమే కట్టిన భాగం. వుజూకు శుభ్రమైన కుళాయిలు, కూర్చునే రాతి దిమ్మలు, మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు కుర్చీలు, చంటిపిల్లల తల్లులకు చోటు. నేను గుమ్మంలో చెప్పులు విప్పి అలా నిలబడిపోయాను. ఆపాకు అర్థం కాలేదు. నాకు యాభై నాలుగేళ్లు. అయిదేళ్ల వయసు నుంచి నమాజు చదువుతున్నాను. ఏ మసీదులోనూ ఎప్పుడూ చదవలేదు. మా అబ్బా చెయ్యి పట్టుకుని మసీదు గేటు దాకా వెళ్లి, అక్కడ తమ్ముడిని లోపలికి పంపి వెనక్కి వచ్చేదాన్ని. దాన్ని ఎవరి తప్పు అని అనడం లేదు. అప్పటి పద్ధతి అది. ఇంట్లో చదివిన నమాజుకు తక్కువ లేదని అమ్మీ చెప్పేది. అది నిజమే.

కానీ ఆ రోజు సఫ్‌లో ఒక పక్క ఆపా, ఇంకో పక్క ఎవరో సోమాలియా అమ్మాయి, భుజానికి భుజం ఆనించి నిలబడ్డప్పుడు నాకు సూరా ఫాతిహా మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఖుత్బా ఇంగ్లిషులో చెప్పారు. దేని గురించో చెప్పమంటే చెప్పలేను. ఇమామ్ సాహెబ్ క్షమించాలి. మన కొత్త భవనం ప్లానులో మేడ మీద ఒక గది ఖాళీగా చూపించారు, స్టోర్ రూము అని రాసి ఉంది. దాని కొలతలు నేను చూశాను, ఇరవై రెండు అడుగులకు పద్దెనిమిది. అంతవరకే అంటాను.

శనివారం పొద్దున ఆపా నన్ను పరీక్ష పెట్టింది. ఆల్డ్‌గేట్ దాకా బస్సులో వెళ్లి ఖాలాకు మందుల షాపులో మందు తెచ్చిపెట్టమంది. ఒంటరిగా. ఇరవై ఐదో నంబరు బస్సు. ఎక్కి డ్రైవరుకు అయిదు పౌన్ల నోటు ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఊరి బస్సుల్లో డబ్బు తీసుకోరు, కార్డు తాకించాలి. వెళ్లడం బాగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో మా స్టాపు పేరు మైకులో వినిపించింది, నేను లేచి నిలబడ్డాను, బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. కండక్టరు లేడు, కేక పెట్టడానికి నోరు రాలేదు. ఎర్ర మీట నొక్కితేనే ఆగుతుందని నాకెవరు చెప్పారు? మైల్ ఎండ్ పోయింది, బో పోయింది. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎవరో నొక్కితే దిగాను. కాళ్లు వణుకుతున్నాయి. నలభైమంది పిల్లల్ని ఏటా విహారయాత్రకు తీసుకెళ్లి లెక్క తప్పకుండా తెచ్చినదాన్ని, నన్ను నేను తప్పిపోగొట్టుకున్నాను. జీబ్రా గీతల దగ్గర నిలబడితే నా కోసం కారు ఆగింది. కారు ఆగిందని నేనూ ఆగాను. కాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. చివరికి ఆయన చెయ్యి ఊపితే దాటాను. అవతలి వైపు బస్సు ఎక్కి ఇల్లు చేరాను. ఆపా ఆలస్యం ఎందుకయిందని అడగలేదు. "స్ట్రాట్‌ఫర్డ్ దాకానా, ఇల్‌ఫర్డ్ దాకానా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజే బ్రిటిష్ మ్యూజియం. 1759లో తెరిచారు. టికెట్టు లేదు, ప్రవేశం ఉచితం. ఈజిప్టు మమ్మీల దగ్గర జాతర. మేం అమరావతి గదికి వెళ్లాం. గాజు గోడ వెనక మన పల్నాటి సున్నపురాయి, దాని మీద బుద్ధుడి కథలు. స్తూపం, దాని చుట్టూ జనం, ఏనుగులు, తామరలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు, అక్కడ కొన్నాళ్లు ఎండకు, వానకు పడి ఉండి, 1859లో ఓడెక్కి వచ్చాయి. నాకు కోపం వచ్చింది. మా ఊరి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది, ఏటా మా పిల్లల్ని తీసుకెళతాను, కొండను తొలిచి చేసిన స్తూపాలు ఇలాంటివే అని ఆపాకు చెప్పి, "ఇవి మావి" అన్నాను. "మరి మీవి మీరు బాగా చూసుకుంటారా?" అంది ఆవిడ మామూలుగానే. నాకు కనుమ పండగ గుర్తొచ్చింది. ఆ రోజున బొజ్జన్నకొండ మీద రాళ్లు విసిరే అలవాటు మన చుట్టుపక్కల ఎన్నేళ్లుందో మీకు తెలుసు. ఎవరో మానిపించడానికి కష్టపడ్డారు. కోపం పోలేదు గాని, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

మధ్యాహ్నం మాత్రం ఆపాకు దారి చూపించింది నేనే. కెన్సల్ గ్రీన్ అనే శ్మశానవాటిక ఉంది, అక్కడికి వెళ్లాలి అన్నాను. ఆపా ఆ ఊళ్లో పుట్టి అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. ఎవరున్నారు అక్కడ అంది. బ్రౌన్ దొర ఉన్నాడు అన్నాను. ముందురోజే ఆవిడ చేత ఆఫీసుకు ఫోన్ చేయించి చోటు కనుక్కున్నాం. పాడింగ్టన్‌లో రైలు మారి వెళ్లాం. కాలువ ఒడ్డున, చెట్ల కింద, ఒరిగిపోయిన సిలువల మధ్య చాలాసేపు వెతికాం. దొరికింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. పిల్లలకు వేమన పద్యాలు అచ్చులో అందించినవాడు, 1852లో నిఘంటువు ఇచ్చినవాడు అని చెబుతాం. ఆపాకు నేను చెప్పింది వేరు. కడపలో, మచిలీపట్నంలో సొంత జీతంతో ఉచిత బడులు పెట్టాడు, అప్పులపాలయ్యాడు, పండితులను ఇంట్లో పెట్టుకుని పోషించాడు. ఫార్సీ వచ్చు, మద్రాసులో ప్రభుత్వానికి ఫార్సీ అనువాదకుడిగా పనిచేశాడు. రిటైరయ్యాక ఈ ఊరు వచ్చి కొంతకాలం విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పాడు. 1884 డిసెంబరులో పోయాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఆపా ఆకులు చేత్తో తుడిచింది. "ఇతను మీ దేశానికి వచ్చినప్పుడు వయసెంత?" అని అడిగింది. "ఉద్యోగానికి వచ్చినప్పుడు పద్దెనిమిది" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. పద్దెనిమిదేళ్లవాడిని ఆరు నెలల ఓడ ప్రయాణం అవతలికి ఉద్యోగానికి పంపినవాళ్లను గురించి మనం పాఠాలు చెబుతాం. మన పిల్ల ఒక రాత్రి విమాన ప్రయాణంలో వెళతానంటే మనకు...

సరే, ఆదివారం.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నేను వచ్చానని వాళ్ల అమ్మ ద్వారా తెలిసి, తను చదివే ఊరి నుంచి రెండు గంటలు రైల్లో వచ్చింది. మనం ఇవ్వకపోతే వాళ్ల నాన్న ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టి పంపాడు. ఈ సంగతి మనలో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. వస్తూ నాకోసం ఒక డబ్బాలో సేమ్యా చేసుకొచ్చింది. ఖాలాకు సలాం చెప్పి పక్కన కూర్చుని కాళ్లు పట్టింది. నా మీద కోపం ఉంటుందని భయపడుతూనే ఉన్నాను. దరఖాస్తు ఊసే ఎత్తలేదు.

నేనే అడిగాను, ఎలా నడుస్తోంది అని. చదువుకునే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయడానికి వీసా ఒప్పుకోదు. ఒక వృద్ధాశ్రమంలో వారాంతాల్లో పని చేస్తోంది. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం. "మొదటి వారం ఏడ్చాను మేడం. తర్వాత నానీకి చేసినట్టే కదా అనుకున్నాను" అంది. నలుగురు అమ్మాయిలు ఒక గదిలో ఉన్నారు. అద్దె కట్టాక మిగిలేది తక్కువ. తాకట్టు వడ్డీ సంగతి అడిగితే మాట మార్చింది. చదువు మాత్రం బాగా నడుస్తోంది, మార్కులు ఫోనులో చూపించింది. ఆ అమ్మాయికి అంతా బాగానే ఉందని నేను చెప్పడం లేదు. కళ్ల కింద నల్లగా ఉంది. ఉద్యోగం వస్తుందో రాదో అక్కడ ఎవరికీ భరోసా లేదు. ఇల్లు అమ్మి, పొలం అమ్మి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ హాలులో ఉంటే, ఏజెంటు చెప్పిన లెక్కను ఇంకో ఇద్దరిని అడిగి సరిచూసుకోమనే చెబుతాను.

సాయంత్రం స్టేషనుకు ఇద్దరం నడిచి వెళ్లాం. ఆపా కావాలనే రాలేదు. మీటర్ల కొద్దీ కిందకు దిగే ఎస్కలేటర్ మీద ఆ అమ్మాయి ఎడమవైపు అడుగువేసి, నేను రాలేనని చూసి, వెనక్కి కుడివైపు వచ్చి నా పక్కన నిలబడింది. ఎక్కడ ఏ బండి మారాలో, ఏది ఆలస్యమో అంతా తెలుసు. ఎవరో చంటిపిల్లతో తడబడుతుంటే తోపుడు బండి ఒక పక్క పట్టుకుని దించింది. నేను ముందురోజు ఇదే ఊళ్లో బస్సు దిగలేక స్ట్రాట్‌ఫర్డ్ దాకా పోయినదాన్ని. యాభై నాలుగేళ్ల మనిషిని, బీఈడీ చదివినదాన్ని, ఐదు రోజులు ఇంకొకరి మోచెయ్యి పట్టుకోనిదే రోడ్డు దాటలేదు.

అక్కడ నిలబడి ఆ అమ్మాయికి చెప్పేశాను. నీ దరఖాస్తుకు వద్దన్నది నేను. నిధులు లేవని చెప్పాను. నిధులు ఉన్నాయి, ఆ నెల బ్యాంకు బ్యాలెన్సు నాకు తెలుసు. నాకు భయం వేసింది. ఆడపిల్ల, ఒక్కతి, అంత దూరం, ఏమైనా అయితే ఊళ్లో మనల్ని ఏమంటారో అని. ఆ భయాన్ని లెక్కల్లో దాచాను.

ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. "మా అమ్మీ కూడా భయపడింది మేడం. కానీ భయపడుతున్నానని చెప్పింది" అంది. రైలు వచ్చింది. ఎక్కేసింది.

కార్యవర్గ సభ్యులారా, మీ అందరి ముందు ఇప్పుడు అదే చెబుతున్నాను. మినిట్స్ పుస్తకంలో నా పేరు మీద రాసి ఉన్న కారణం తప్పు. దాన్ని దిద్దాలి. ఆ దరఖాస్తు మన ఆఫీసు బీరువాలో రెండో అరలో, తిరస్కరించినవి అని రాసిన ఫైలులోనే ఉంది, నేను నిన్న చూసి వచ్చాను. వాళ్ల నాన్న తాకట్టు విడిపించడానికి ఖర్జె హసనా ఇవ్వొచ్చా లేదా అన్నది కొత్త ప్రశ్న. మన నియమావళిలో దానికి అడ్డం ఏమీ నాకు కనిపించలేదు, పెద్దలు కూడా చూడండి. వచ్చే ఆదివారం అసర్ తర్వాత కార్యవర్గ సమావేశం ఉంది. ఆ కాగితం నేను బల్ల మీద పెడతాను.